మైనంతో వేసిన సముద్రం బొమ్మ మీద తెల్లటి పొర. బూజేనా?

పాత గార్డు, విశాఖ:
నమస్కారం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. బొమ్మల గురించి ఓనమాలు తెలియవు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఉండే మా అమ్మాయి సంక్రాంతికి వస్తూ ఒక సముద్రం బొమ్మ తెచ్చింది. ఆరెగాన్ తీరమట. కాగితం కాదు, గుడ్డా కాదు, అడుగున్నర చెక్క పలక మీద మైనం. వేసినావిడ పని చేస్తుంటే మా అమ్మాయి వీడియో కూడా తీసింది. అరవై దాటిన మనిషి. మన దోసెల పెనం లాంటి కరెంటు పెనం మీద చిన్న చిన్న డబ్బాలు పెట్టి రంగులు కరిగిస్తోంది. ఒక పూత వేయడం, దాని మీద గ్యాసు మంట ఆడించడం, మళ్ళీ పూత. బొమ్మంతా తగలబెట్టేస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్. అలల నురగ దగ్గర ఏదో పూసి మంట చూపించేసరికి అది లేసు అల్లినట్టు విచ్చుకుంది. ఆ ముక్క నాలుగుసార్లు చూశాను.

మన ఎండలకి కరిగిపోతుందని భయపడి, ఏసీ గదిలో, సరిగ్గా ఏసీకి ఎదురుగా తగిలించాను. ఇప్పుడు నల్లద్రాక్ష మీద ఉంటుందే, అలాంటి తెల్లటి పొర పట్టింది. మా ఆవిడ బూజంటుంది. తడిగుడ్డతో తయారుగా ఉంటే ఆపాను. ఏం చేయమంటారు?

తీరం కుర్రాడు:
బాబాయ్ గారూ, మీకంటే బొమ్మే సుఖపడుతోంది! అద్దం బిగించెయ్యండి. మన ఉప్పు గాలికి ఇనప గేట్లే ఆగట్లేదు, మైనం ఏం ఆగుతుంది?

మైనం పని, హైదరాబాద్:
బూజు కాదు సార్, కంగారుపడకండి. కొత్త మైనం బొమ్మలకి ఇది మామూలే, చలి తగిలితే ఇంకా త్వరగా వస్తుంది. అంటే మీ ఏసీయే కొంత కారణం అయ్యుండాలి. తడిగుడ్డ వద్దు. మెత్తటి పొడి నూలుగుడ్డతో, నొక్కకుండా, గుండ్రంగా రుద్దండి. పొర పోయి మెరుపు వస్తుంది.

దీన్ని ఎన్‌కాస్టిక్ అంటారు. గ్రీకులో ఆ మాటకి కాల్చి అతికించడమనే అర్థం. ఆవిడ మంట ఆడించింది అందుకే. పూతకీ పూతకీ మధ్య వేడి తగలకపోతే పొరలు అతుక్కోవు, తర్వాత పెచ్చులూడతాయి. లేసులా విచ్చుకుంది లక్క అయి ఉంటుంది. స్పిరిట్‌లో కరిగించిన లక్క పూసి నిప్పంటిస్తే అలాగే చిట్లుతుంది. నేను రెండు పలకలు మాడ్చుకున్నాకే అది చేతికొచ్చింది.

తేనె మైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి. అందులో దమ్మర్ అని, మన గుగ్గిలానికి చుట్టమే, ఆ బంక కలుపుతారు కాబట్టి ఇంకాస్త గట్టిపడుతుంది. వైజాగ్ ఎండాకాలంలో నీడపట్టు గోడ మీద ఏమీ కాదు. నేరుగా ఎండ పడే గోడ మాత్రం వద్దు. ఎండలో ఆపిన కారులో అసలే పెట్టొద్దు. అలా నా బొమ్మ ఒకటి దానికి చుట్టిన బబుల్ కవర్ అచ్చులతో సహా తయారైంది.

ఉప్పు గాలి అన్న తమ్ముడికి: ఓడలకి ఈ మైనం రంగులు వేసేవారనీ, ఎండకీ ఉప్పుకీ గాలికీ అవి చెడవనీ మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఈజిప్టులో ఫయ్యూమ్ అనే చోట మమ్మీల మీద మైనం రంగులతో వేసిన ముఖాలు దాదాపు రెండువేల ఏళ్ళయినా ఇంకా మనవైపే చూస్తున్నాయి. అద్దం అక్కర్లేదు. పెట్టాలనిపిస్తే మైనానికి తగలకుండా సందు వదలమనండి.

పాత గార్డు, విశాఖ:
నా పాత పంచె చింపి తుడిచాను. మీరన్నట్టే పోయింది. లోపలి ఆకుపచ్చ నీళ్ళు బయటపడ్డాయి. బొమ్మని హాల్లోకి మార్చాను.

ఇంకో సంగతి. తుడిచాక కింద ఇసక దగ్గర, మైనం లోపల, ఏదో అచ్చు కాగితం ముక్క కనిపించింది. వరసగా గంటలు, నిమిషాలు, పక్కన 7.8, 0.6 అని అంకెలు. రైలు టైంటేబులా అనుకున్నాను, పాత అలవాటు. అమ్మాయికి ఫోన్ చేస్తే, అది ఆటుపోట్ల పట్టిక, ఏ రోజు సముద్రం వేస్తే ఆ రోజు ముక్క అతికించడం ఆవిడ పద్ధతి అంది. అక్కడ అడుగుల్లో లెక్కట. మన హార్బర్ వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఇక్కడ పోటుకీ ఆటుకీ అంత తేడా ఉంటుందా?