ఎంఎస్సీ నర్సింగ్‌కు ఏడాది అనుభవం నిబంధన: ఉంచాలా, తీసేయాలా?

వార్డు_సిస్టర్:
ఎంఎస్సీ నర్సింగ్‌లో చేరాలంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన షరతులు మనందరికీ తెలిసినవే. బీఎస్సీ నర్సింగ్ గానీ, నర్సింగ్ డిప్లొమా తర్వాత చేసే పోస్ట్ బేసిక్ బీఎస్సీ గానీ 55 శాతం మార్కులతో పాసవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. నర్సుగా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఏడాది పని అనుభవం ఉండాలి. ఈ చివరిది తీసేయాలని మా జూనియర్లు గట్టిగా అంటున్నారు. డాక్టర్లు హౌస్ సర్జన్సీ అవగానే పీజీకి వెళ్తున్నారు, మనకే ఎందుకీ అడ్డం అని వాళ్ల వాదన.

నా లెక్కలో ఏడాది ఉండాల్సిందే. కాకపోతే ఇప్పుడున్న తీరులో దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఏ విభాగంలో చేశావని ఎవరూ అడగరు. కంటి ఆస్పత్రి ఓపీలో ఏడాది కూర్చున్నామె ఎంఎస్సీలో కార్డియో థొరాసిక్ (గుండె, ఛాతీ విభాగం) తీసుకోవచ్చు. ఐసీయూలో ఏళ్ల తరబడి నైట్లు చేసినామెకు 53 శాతం వచ్చి ఉంటే అప్లికేషనే తీసుకోరు. ఐసీయూ రోగుల కోసం పెట్టిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో కూడా ఆ ఏడాది క్రిటికల్ కేర్‌లో అయితే మేలన్నారే తప్ప తప్పనిసరి చేయలేదు. మీరేమంటారు?

కొత్త_బ్యాచ్:
అక్కా, ఏడాది చేయమని చెప్పడం తేలికే. ఎక్కడ చేయమంటారు? నేను చేరిన ప్రైవేటు ఆస్పత్రిలో బాండ్ రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు లోపల పెట్టేసుకున్నారు. జీతం రూమ్ రెంటుకూ మెస్సుకూ సరిపోతుంది, అంతే. సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కేంద్ర కమిటీ 2016లోనే యాభై పడకల్లోపు ఆస్పత్రుల్లోనూ నర్సు జీతం ఇరవై వేలకు తగ్గకూడదని చెప్పింది. అది మా హెచ్‌ఆర్ దాకా ఇంకా చేరినట్టు లేదు. చవగ్గా పనిచేసే ఫ్రెషర్లను ఆస్పత్రులకు సప్లై చేయడానికే ఈ రూల్ ఉపయోగపడుతోంది.

పైగా 2021లో మార్చిన బీఎస్సీ సిలబస్‌లో ఎనిమిదో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్పే, 22 వారాలు. డాక్టర్లకు హౌస్ సర్జన్సీ లెక్కలోకి వచ్చినప్పుడు మాకు ఇదెందుకు రాదు?

ట్యూటర్_మేడం:
ఆ 22 వారాల్లో ఎన్ని విభాగాలున్నాయో చూశావా అమ్మా? కమ్యూనిటీ, మెడికల్ సర్జికల్, పిల్లలు, సైకియాట్రీ, మిడ్‌వైఫరీ. ఒక్కో దానికి నాలుగు నుంచి ఆరు వారాలు. అప్పుడు నువ్వు స్టూడెంట్‌వి, పక్కన సిస్టర్ ఉంటారు. రాత్రి రెండింటికి పేషెంట్ ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతే డాక్టర్‌ని లేపాలా, ముందు సక్షన్ చేయాలా (గొంతులో కఫం తీయాలా) అని నీ అంతట నువ్వు తేల్చుకోవడం వేరు. ఆ బాధ్యత మీద పడ్డాకే చదివింది అర్థమవుతుంది.

అసలు సంగతి ఇంకోటుంది, ఎవరూ పైకి అనరు. మా దగ్గరికొచ్చే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లలో కొన్ని చూస్తేనే తెలిసిపోతుంది. తెలిసినవాళ్ల నర్సింగ్ హోమ్ లెటర్‌హెడ్, ఒక స్టాంపు, ఒక సంతకం. ఆ ఏడాదంతా ఆ పిల్ల ఇంట్లోనో కోచింగ్‌లోనో ఉంటుంది. తర్వాత ఎంఎస్సీ చేసి నేరుగా కాలేజీలో చేరి, తను ఎన్నడూ ముట్టని వెంటిలేటర్ గురించి క్లాసు చెబుతుంది. రూల్ తీసేస్తే ఈ దొంగ కాగితం ఒక్కటే పోతుంది, ఆ క్లాసు మాత్రం అలాగే ఉంటుంది.

డాలస్_నుంచి:
ఇక్కడ అమెరికా సంగతి చెప్తాను. అనస్థీషియా నర్సు కోర్సుకు కనీసం ఏడాది క్రిటికల్ కేర్ అనుభవం తప్పనిసరి. జనరల్ వార్డులో ఎంతకాలం చేసినా లెక్కలోకి రాదు. 2022 నుంచి ఆ కోర్సులో కొత్తగా చేరేవాళ్లంతా డాక్టరేట్ స్థాయిలోనే చదవాలి. నర్స్ ప్రాక్టీషనర్ (రోగుల్ని పరీక్షించి మందులు రాసే నర్సు) కోర్సు దగ్గరికి వస్తే మాత్రం చాలా యూనివర్సిటీలు అనుభవం లేకుండానే తీసుకుంటాయి. దాని మీద ఇక్కడి నర్సుల మధ్యా ఇదే గొడవ. వార్డు_సిస్టర్ గారి మాటే నాకు సబబుగా ఉంది: ఏడాదా రెండేళ్లా అనేది తర్వాత, ముందు విభాగం పేరు రూల్‌లోకి రావాలి.

పోస్ట్_బేసిక్:
మీరంతా అనుభవం చుట్టూ తిరుగుతున్నారు. నా సమస్య మార్కులు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని పెంచి, ఆ తర్వాత పోస్ట్ బేసిక్ చేశాను. 54 శాతం వచ్చింది. నవజాత శిశువుల యూనిట్‌లో నేను నేర్పిన పిల్లలు పీడియాట్రిక్స్‌లో ఎంఎస్సీ చేసి నాకు మేడమ్‌లయ్యారు. ఏడుపేమీ లేదు, వాళ్లు మంచి పిల్లలే. కానీ ఒక్క శాతానికి ఇన్నేళ్ల సర్వీసు సరితూగదా?

ఏదో ఒక స్పెషాలిటీలో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా చేయొచ్చు కదా అంటారు. జీఎన్‌ఎం ఉన్నా చాలు, నిజమే. దాంతో లెక్చరర్ పోస్టు రాదు. ఉన్నంతలో మిడ్‌వైఫరీ (కాన్పుల విభాగం) వాళ్లది నయం. 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఆస్పత్రి వాళ్లు, యునిసెఫ్‌తో కలిసి తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన పద్ధతిలో, డ్యూటీలో ఉన్న నర్సులనే తీసుకుని పద్దెనిమిది నెలలు ట్రైనింగ్ ఇచ్చారు. కాన్పులు చేసే చేతుల్నే ఎంచుకున్నారు. మిగతా స్పెషాలిటీలకు ఆ దారి ఎందుకుండదు?

వార్డు_సిస్టర్:
ఇది నేను అడగాలనుకున్నదే. సర్వీసుకు ఏడాదికి ఒక శాతం చొప్పున, మూడు శాతం దాకా మార్కుల్లో సడలింపు ఇవ్వాలి, అదే విభాగంలో చేసి ఉంటేనే. కాగితాలు నమ్మలేం కాబట్టి పీఎఫ్ రికార్డు చూడాలి. పీఎఫ్ కట్టని చోట పని చేసినట్టు లెక్క ఉండకూడదు.

నైట్_డ్యూటీ:
మేడం, అక్కడే దెబ్బతింటాం. ఇరవై మంది కంటే తక్కువ పనిచేసే చోట పీఎఫ్ చట్టమే వర్తించదు. మా ఊళ్లో నర్సింగ్ హోమ్‌లన్నీ అవే. జీతం చేతికిస్తారు. నిజంగా కష్టపడింది మేము, పీఎఫ్ లేదని బయట నిలబడేదీ మేమే. కార్పొరేట్ ఆస్పత్రుల పిల్లలకు మాత్రం అన్నీ దొరుకుతాయి.

ట్యూటర్_మేడం:
అది నిజం. అయితే అడ్మిషన్ దగ్గరే ప్రాక్టికల్ పెట్టండి. బెడ్ పక్కన పావుగంట. ఏబీజీ రిపోర్టు (రక్తంలో ఆక్సిజన్ లాంటి వాయువుల పరీక్ష) చేతికిచ్చి చదవమంటే, ఎవరు పనిచేశారో ఎవరు స్టాంపు వేయించుకున్నారో తేలిపోతుంది.

కొత్త_బ్యాచ్:
ప్రాక్టికల్ అయితే నాకూ ఓకే. రికమండేషన్‌తో మార్కులు వేయరని గ్యారంటీ ఇస్తే.

పోస్ట్_బేసిక్:
ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేరే యూనివర్సిటీ నుంచి రావాలి, అంతే. 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు కదా, పాత 1947 నర్సింగ్ కౌన్సిల్ చట్టం బదులు. రూల్స్ రాసేవాళ్లకు ఇదంతా ఇప్పుడే పంపాలి.

ఎన్‌ఐసీయూ_పాప:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను కొన్ని నెలలు ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ), మిగతాది జనరల్ వార్డులో చేశాను. వచ్చే వారం రిలీవ్ అవుతున్నా. సర్టిఫికెట్‌లో విభాగాలు విడిగా రాయించుకోవాలా?

వార్డు_సిస్టర్:
రాయించుకో తల్లీ. ఒక్కో విభాగంలో చేరిన తేదీ, మారిన తేదీ, కింద నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకం. ఇప్పుడు ఎవరూ అడగరు గానీ, రూల్ మారితే పనికొస్తుంది. జీతం స్లిప్పులూ డ్యూటీ రోస్టర్ ఫోటోలూ కూడా దాచుకో. బాండ్ పెట్టి ఒరిజినల్స్ తీసుకుని ఉంటే ముందు అవి చేతికొచ్చాకే రిలీవింగ్ పేపర్ మీద సంతకం పెట్టు.