పెన్‌డ్రైవ్ నుంచి లాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదు, నాన్నగారి ఫైళ్లు పోకుండా మింట్ వేయడం ఎలా?

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఆయనది పాత హెచ్‌పీ లాప్‌టాప్, ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే తీసుకుంటుందట. మెషిన్ నిక్షేపంలా ఉంది, పక్కన పడేయడానికి మనసు రావట్లేదు. విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ని (ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం) పెన్‌డ్రైవ్ మీద నడిపి చూద్దామని దాని ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) దించి 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో కాపీ చేశాను. ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే నల్ల స్క్రీన్ మీద 'స్టార్ట్ పీఎక్స్‌ఈ ఓవర్ ఐపీవీ4' అని వచ్చి, కాసేపటికి మళ్లీ విండోసే తెరుచుకుంటోంది.

డి డ్రైవ్‌లో నాన్నగారు ఏళ్ల తరబడి టైప్ చేసుకున్న శతక పద్యాల వ్యాఖ్యానాలు ఉన్నాయి. వాటికేమన్నా అవుతుందేమోనని టెన్షన్. సి డ్రైవ్‌లో మింట్ వేసుకుంటే డి అలాగే ఉంటుంది కదా?

ల్యాబ్‌మాస్టారు:

ముందు డి డ్రైవ్ సంగతి. దయచేసి ఈ రోజే ఆ ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, అక్కడి నుంచి ఒకటి రెండు తెరిచి చూసుకోండి. సి, డి అనేవి చాలా లాప్‌టాప్‌లలో ఒకే డిస్క్‌కి చేసిన భాగాలు. మింట్ ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' అని ఉంటుంది. అది నొక్కితే సి ఒక్కటే కాదు, డి కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక పీఎక్స్‌ఈ అంటే నెట్‌వర్క్ నుంచి బూట్ అవ్వడం, అంటే కంప్యూటర్ అక్కడి నుంచి మొదలవ్వడం. హెచ్‌పీలో ఎఫ్12 దానికే. మీరు ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్ కీ టకటకా నొక్కుతూ ఉండండి, ఒక మెనూ వస్తుంది. అందులో ఎఫ్9 నొక్కితే బూట్ డివైస్‌ల జాబితా కనిపిస్తుంది. డెల్, లెనోవోల్లో అయితే ఎఫ్12 సరిపోతుంది. కీలతో కుస్తీ వద్దనుకుంటే విండోస్‌లోనే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. 'యూజ్ ఎ డివైస్' అన్నచోట పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోవచ్చు.

కానీ ఇప్పుడున్న పెన్‌డ్రైవ్‌తో ఏ కీ నొక్కినా లాభం లేదు. ఐఎస్ఓని ఫైల్‌లా కాపీ చేస్తే కంప్యూటర్‌కి అది బూట్ అయ్యే డ్రైవ్ అని తెలియదు. దాన్ని రూఫస్‌తో (బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే ఉచిత విండోస్ ప్రోగ్రామ్) రాయాలి. రూఫస్ తెరిచి, ఐఎస్ఓ చూపించి, పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్ఐ పెట్టి స్టార్ట్ కొట్టండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. పైన డివైస్ దగ్గర పెన్‌డ్రైవ్ పేరే ఉందా అని సైజుతో సహా చూసుకున్నాకే స్టార్ట్ కొట్టండి, బ్యాకప్ హార్డ్‌డిస్క్ అప్పటికి పీకేసి ఉండాలి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌లనే బూట్ అవ్వనిచ్చే సెట్టింగ్) ఆపాలని చాలామంది చెబుతారు. మింట్‌కి సాధారణంగా ఆ అవసరం రాదు, ముందు దాన్ని కదపకండి.

అక్షరసేవ:

ఒక్క ప్రశ్న. నాన్నగారు టైప్ చేసింది యూనికోడ్‌లోనా (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి), అను ఫాంట్లలోనా? డీటీపీ రోజుల నుంచి రాస్తున్నవాళ్లలో చాలామందివి అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ ఫైళ్లే. పేజీలు కూర్చే ఆ పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ లినక్స్‌లో నేరుగా నడవదు. వర్డ్ ఫైళ్లయినా ఆ ఫాంట్ లేకపోతే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ భద్రంగా ఉండీ చదవడానికి లేకపోతే పెద్దాయనకు ఎంత కష్టంగా ఉంటుంది! యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే ఒత్తులు, అరసున్నలు ఒకసారి కళ్లతో సరిచూసుకోక తప్పదు, పద్యాల్లో మరీను.

కృష్ణాతీరం:

మాస్టారూ, బ్యాకప్ అయింది, రూఫస్‌తో రాశాను, ఎస్కేప్, ఎఫ్9 పనిచేసింది! మింట్ డెస్క్‌టాప్ వచ్చింది, వైఫై కూడా పట్టింది. అక్షరసేవ గారూ, సగానికి పైగా అను ఫైళ్లేనండి. కానీ డి డ్రైవ్ తెరిస్తే చదవడమే తప్ప అందులో ఏదీ సేవ్ అవ్వట్లేదు. ఎందుకు?

ల్యాబ్‌మాస్టారు:

సంతోషం. అది విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల అయి ఉంటుంది. షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, అందుకే మింట్ ఆ డ్రైవ్‌లో రాయకుండా ఆగుతుంది. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగుతుంది. శాశ్వతంగా అయితే పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ దగ్గరున్న టిక్ తీసేయండి.

అను ఫైళ్లు అన్ని ఉన్నాయంటే విండోస్ తీసేయకండి. సి డ్రైవ్‌లో కొంత చోటు ఖాళీ చేసి మింట్‌ని పక్కన వేసుకోండి, 20 జీబీ కనీసం కావాలి, 50 ఉంటే హాయి. ఇంటర్నెట్ పనులన్నీ మింట్‌లో, వ్యాఖ్యానాలు నెట్ ఆపేసిన విండోస్‌లో. మార్చడం అంతా పూర్తయి, నాన్నగారు చదివి సరే అన్నాక మిగతాది చూద్దాం.