రెండేళ్ల అనుభవానికే ఏబాప్‌లోకి వెళ్లడం తొందరపాటవుతుందా?

ప్రశ్న:
హైదరాబాద్‌లోని ఒక సేవల సంస్థలో రెండేళ్లుగా జావా, స్ప్రింగ్ బూట్ మీద పనిచేస్తున్నాను. ప్రాజెక్టు వచ్చే నెలతో ముగుస్తోంది. బెంచ్ మీదకు (అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా) వెళ్తావా, శాప్ ఏబాప్ ప్రాజెక్టులో చేరతావా, వారంలో తేల్చుకోమని మేనేజరు అన్నారు. శాప్ అంటే కంపెనీల లెక్కలు, కొనుగోళ్లు నడిపే సాఫ్ట్‌వేర్, ఏబాప్ దాని సొంత ప్రోగ్రామింగ్ భాష. శాప్ పాత వెర్షన్ ఈసీసీ 6.0కు ప్రధాన నిర్వహణ 2027 చివరితో ముగుస్తున్నందున కొత్త వెర్షన్ ఎస్/4హానాకు మార్చే పని చాలా ఉందని ఆయన వాదన. ఏబాప్‌కు శాప్ వెలుపల చోటు లేదని, మళ్లీ జావా ఇంటర్వ్యూలకు పిలుపు రాదని రూమ్మేట్లు భయపెడుతున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యిలా ఉంది.

సమాధానం 1:
నేను అమీర్‌పేటలో, ఫ్లాష్ మీద నడిచే వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్లెక్స్ నేర్చుకుని ఉద్యోగంలో చేరినవాడిని. 2011 నవంబరులో అడోబీ మొబైల్ బ్రౌజర్లకు ఫ్లాష్ తయారీని ఆపి, ఫ్లెక్స్‌ను అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థకు అప్పగిస్తున్నట్టు ప్రకటించాక మాకు పిలుపులు తగ్గిపోయాయి. జావాస్క్రిప్ట్‌కు మారేటప్పుడు భాష నన్ను ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే ఫ్లెక్స్‌లో రాసే యాక్షన్‌స్క్రిప్ట్ దానికి దగ్గరి చుట్టమే. ఫ్లెక్స్ అన్నీ తానే చూసుకోవడం వల్ల బ్రౌజరు, సర్వరు ఎలా మాట్లాడుకుంటాయో మూడేళ్లలో ఒక్కసారైనా విప్పి చూడకపోవడమే నన్ను దెబ్బతీసింది.

సమాధానం 2:
పదకొండేళ్లుగా ఏబాప్‌లో ఉన్నాను కనుక నాకు కొంత పక్షపాతం ఉండవచ్చు. చేరిన కొత్తలో నెలాఖరు కొనుగోళ్ల రిపోర్టు ఒకటి ముప్పావుగంట నడిచేది. తెరిచి చూస్తే, లూప్ లోపల ప్రతి ఆర్డరుకూ, ఆర్డర్లలోని వస్తువుల వివరాలుండే ఈకేపీవో టేబుల్ మీద విడిగా సెలెక్ట్ (డేటాబేసు నుంచి వరుసలు తెచ్చే ఆదేశం) రాసి ఉంది. కావలసిన వరుసలన్నీ ఒకేసారి మెమరీలో ఉండే ఇంటర్నల్ టేబుల్‌లోకి తెచ్చుకునేలా మార్చాక రెండు నిమిషాల్లో ముగిసింది. జావాలో డేటాబేసు పనికి హైబర్నేట్ వాడి ఉంటే మీకు ఈ జబ్బు ఎన్ ప్లస్ వన్ అనే పేరుతో పరిచయమే. కాబట్టి భాష పేరు చూసి బెదరకండి, మీకిచ్చే పనేమిటో అడగండి. ఆర్డరు, సరుకు రసీదు, సరఫరాదారు బిల్లు మూడూ సరిపోలకపోతే చెల్లింపు ఎందుకు ఆగిపోతుందో తెలుసుకునే చోటైతే నిస్సంకోచంగా చేరండి.

ప్రశ్న అడిగినవారు:
అడిగానండి. పాత కోడ్ కొత్త వెర్షన్‌కు సరిపోతుందో లేదో చూసే తనిఖీ సాధనం ఇచ్చే జాబితాలోని తప్పులు దిద్దడమే మొదటి ఆరు నెలల పనట. ఆ తరువాతి సంగతి చెప్పలేదు.

సమాధానం 2:
ఆ దిద్దుబాటు మూడో నెలకే చేతికి అలవాటైపోతుంది, ఆపై కొత్తగా నేర్చుకునేది తక్కువ. శాప్ క్లౌడ్ అప్లికేషన్ ప్రోగ్రామింగ్ మోడల్‌లో, అంటే క్యాప్‌లో, జావాతోనూ రాయవచ్చు. మూల వ్యవస్థను కదపకుండా పక్కన కట్టే అదనపు అప్లికేషన్లకు దాన్ని వాడతారు. మీ ప్రాజెక్టులో అలాంటి పని ఉందేమో కనుక్కుని, ఉంటే ఆరు నెలల తరువాత అందులోకి పంపుతామని మేనేజరు చేత మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట మీద మాత్రం చేరకండి. ఈలోగా మేనేజరే మారిపోవచ్చు.