ఫార్ క్రై ప్రైమల్ ఇప్పుడు కొనొచ్చా? 3, 4 ఆడినవాళ్లకి ఇందులో కొత్తగా ఏముంది?

కృష్ణలంక_కుర్రోడు

అన్నలకి నమస్తే. ఫార్ క్రై ప్రైమల్ సేల్‌లో బిర్యానీ రేటుకి దిగింది. కార్ట్‌లో పెట్టి రెండు రోజులుగా దాన్నే చూస్తూ కూర్చున్నా. 2016 నాటి గేమ్ అని తెలుసు. 3, 4 రెండూ పూర్తి చేశాను, 4లో అయితే ఔట్‌పోస్టులన్నీ (శత్రువుల శిబిరాలు) పట్టేసుకుని గానీ వదల్లేదు. నా డౌట్ ఒక్కటే, తుపాకీ లేని ఫార్ క్రైలో ఏం ఆడతాం? ఈటె, విల్లు, దుడ్డుకర్ర పట్టుకుని అన్ని గంటలు తిరిగితే విసుగు రాదా? మా ఫ్రెండ్‌గాడితో కోఆప్ కూడా ఆడదామనుకుంటున్నాం, ఉందా? కథ చెప్పేయకుండా మంచీ చెడూ ఉన్నదున్నట్టు చెప్పండి. లాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డ్ ఉంది.

రాత్రి_డ్యూటీ

కోఆప్ లేదు, మల్టీప్లేయర్ అసలే లేదు, కాబట్టి ఆ ఆశ వదిలేయ్. మిగతాదానికి వస్తే, తుపాకీ లేకపోవడమే ఈ గేమ్‌కి బలం తమ్ముడూ. క్రీ.పూ. 10,000, ఓరోస్ అనే లోయ, నువ్వు టక్కర్ అనే వేటగాడివి. మొదటి రోజు రాత్రి నేను ఒక జింక వెనకాల పడి చీకటి పడిందని చూసుకోలేదు. అంతే, చుట్టూ తోడేళ్ల అరుపులు, చేతిలో ఉన్న కర్రకి కొవ్వు రాసి వెలిగించుకుంటే అవి కాస్త వెనక్కి తగ్గాయి, ఆ మంట ఎంతసేపు ఉంటుందో తెలియక ఒకటే టెన్షన్, పరిగెత్తి పరిగెత్తి ఒక మంటకుప్ప దగ్గరికి చేరేసరికి నిజంగానే చెమట పట్టింది. 3లో గానీ 4లో గానీ రాత్రికి నేనెప్పుడూ భయపడలేదు. ఇక్కడ రాత్రి అంటే వేరే గేమ్.

ఇక జంతువులు. ఎర విసిరితే వచ్చి తింటుంది, మెల్లగా పక్కకి వెళ్లి మచ్చిక చేసుకోవాలి. జాగ్వార్ చప్పుడు లేకుండా చంపేస్తుంది, ఎలుగు అయితే దెబ్బలన్నీ అదే కాచుకుంటుంది. కోరల పులి ఎక్కి తిరగొచ్చు. రేచుకుక్కలు కూడా ఉన్నాయి, మా ఊరి పెద్దోళ్లు నల్లమల గురించి చెప్పే కథల్లో తప్ప వాటిని ఇంకెక్కడా చూసింది లేదు, అందుకే నాకు అదో సంబరం. 1650 మీద హాయిగా నడుస్తుంది.

ఎద్దులబండి

పైన చెప్పింది మొదటి పది గంటల వరకే నిజం. తర్వాత సంగతి నేను చెప్తా.

గుడ్లగూబ ఒకటి ఇస్తారు. పిలిస్తే పైకెగిరి మొత్తం శిబిరాన్ని చూపిస్తుంది, శత్రువులందర్నీ మార్క్ చేస్తుంది, కాస్త అప్‌గ్రేడ్ చేస్తే పైనుంచి బాంబులు కూడా వేస్తుంది. రాతియుగంలో డ్రోన్ అన్నమాట! దాంతో సగం భయం పోయింది. పైగా తేనెటీగల బాంబు, నిప్పు బాంబు, కొండలెక్కడానికి కొక్కెం తాడు... బట్టలు మారాయి తప్ప మనిషి పాతవాడే. ఔట్‌పోస్టు పట్టు, మంటకుప్ప వెలిగించు, తోలు ఏరుకొచ్చి సంచి పెద్దది చేసుకో. 4లో అవన్నీ చేసి వచ్చానంటున్నావు కాబట్టి నీకు ఇంకా త్వరగా మొహం మొత్తుతుంది. మ్యాప్ సంగతి తెలుసుగా? గేమ్ వచ్చిన కొత్తలోనే జనం ప్రైమల్ మ్యాప్‌నీ 4లోని కిరాత్ మ్యాప్‌నీ పక్కపక్కన పెట్టి చూపించారు, నదులూ దారులూ చాలా చోట్ల అలాగే ఉన్నాయి.

కథ మీద నాకు ఇంకా కోపం ఉంది. ఉత్తరాన నరమాంసం తినే ఉడమ్‌లు, వాళ్ల నాయకుడు ఉల్. దక్షిణాన నిప్పుతో యుద్ధం చేసే ఇజిలాలు, వాళ్లకి బటారి. ఇద్దరూ బలమైన విలన్లే, కానీ కనబడేది ఎంతసేపు? 3లో విలన్ వాస్ ఒక్క సీన్‌లో వేసిన ముద్ర వీళ్లిద్దరూ కలిసి వేయలేకపోయారు. మన ఊరికి వచ్చి చేరే వోగా, కరూష్, జేమా లాంటి వాళ్లు కనబడిన ప్రతిసారీ బాగుంటారు, తీరా వాళ్ల మిషన్లు రెండు మూడు అయ్యాక ఊళ్లో బొమ్మల్లా నిలబడిపోతారు.

అచ్చుతప్పు

భాష గురించి ఎవరూ మాట్లాడరేంటి? నాకు ఈ గేమ్ నచ్చిందే అందుకు. ఇందులో ఒక్క ముక్క ఇంగ్లిష్ మాట్లాడరు. కెంటకీ యూనివర్సిటీకి చెందిన భాషావేత్తలు మూల ఇండో-యూరోపియన్ ఆధారంగా, టక్కర్ తెగతో కలిపి మూడు తెగలకీ మూడు భాషలు కట్టారు. సంస్కృతం, లాటిన్, గ్రీకు అన్నీ ఆ మూలభాష నుంచే వచ్చాయి కదా, అందుకే అక్కడక్కడా చెవికి తెలిసిన మాటలాగే తగులుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడు, టెన్సే అనే మంత్రగాడు మాట్లాడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఎద్దులబండి

తెలుగు ద్రావిడ భాష బాసూ, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇంకో మాట, ఆ మూలభాష వయసు సుమారు ఆరువేల ఏళ్లు అంటారు. గేమ్ జరిగేది పన్నెండు వేల ఏళ్ల కిందట.

అచ్చుతప్పు

తెలుగు అందులోంచి పుట్టిందని నేనెక్కడన్నాను? మన మాటల్లో సగం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే కదా, చెవికి తగిలేది అదీ. వయసు సంగతి మాత్రం ఒప్పుకుంటా. కానీ అసలు పన్నెండు వేల ఏళ్ల నాటి మాట ఎలా ఉండేదో ఎవరికీ తెలియనప్పుడు ఇంత కష్టపడటం నాకైతే ముచ్చటేసింది. ఒక ఇబ్బంది ఉంది, సబ్‌టైటిల్స్ చదవకపోతే కథ ఏమీ అర్థం కాదు, సగం నిద్రలో ఆడే టైపు అయితే కష్టం.

కృష్ణలంక_కుర్రోడు

అందరికీ థ్యాంక్స్. ఎద్దులబండి అన్నా, గుడ్లగూబ అంత చెడగొడితే దాన్ని వాడకుండా ఆడొచ్చు కదా? ఇంకో ప్రశ్న, మా అక్క కొడుకు ఎనిమిదేళ్లవాడు, జంతువులంటే పిచ్చి, సెలవుల్లో నా పక్కనే కూర్చుంటాడు. చూడనివ్వొచ్చా?

రాత్రి_డ్యూటీ

వాడిని పక్కన పెట్టుకుని మాత్రం తెరవకు. ఇది పద్దెనిమిది దాటినవాళ్ల గేమ్. మనుషుల్ని తినే సీన్లు, నగ్నత్వం ఉన్నాయి, సేలా అనే ఆవిడ శత్రువుల చెవులు కోసి దండ కట్టుకుంటుంది. వాడు ఇంటికెళ్లి అవి వర్ణిస్తే మీ అక్క నీ చెవులు కోస్తుంది.

గుడ్లగూబ గురించి: 2016 ఏప్రిల్‌లో ఫ్రీ అప్‌డేట్‌గా సర్వైవర్ మోడ్ ఇచ్చారు. మినీమ్యాప్ ఉండదు, ఓపిక తగ్గుతూ ఉంటుంది, రాత్రులు ఎక్కువసేపు, పొగమంచు దట్టంగా ఉంటుంది. నేను రెండోసారి అలాగే ఆడాను. కొత్త గేమ్ మొదలుపెట్టేటప్పుడే అది పెట్టుకో.

ఎద్దులబండి

సర్వైవర్ మోడ్ అయితే నా మాటల్లో సగం వెనక్కి తీసుకుంటా. మ్యాప్ విషయంలో మాత్రం తగ్గేది లేదు. బిర్యానీ రేటు అంటున్నావు కాబట్టి కొనెయ్, కానీ 4 అయిన వెంటనే మొదలుపెట్టకు, ఒక రెండు నెలలు ఇంకేదైనా ఆడి రా. అన్నట్టు స్టీమ్‌లో కొన్నా గేమ్ తీసిన ఉబిసాఫ్ట్ వాళ్ల అకౌంట్ కావాలి, పాస్‌వర్డ్ ముందే వెతికిపెట్టుకో.

కృష్ణలంక_కుర్రోడు

కొనేశా. రెండు నెలలు ఆగడం నా వల్ల కాదు, ఈ రాత్రికే సర్వైవర్‌లో మొదలు. అక్క కొడుకు పడుకున్నాక.