అమెరికాలో అండర్-13, బెంగళూరులో అండర్-15: అబ్బాయి రిజిస్ట్రేషన్ ఆగిపోయింది, దారి చెప్పండి

వైట్‌ఫీల్డ్ నాన్న:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, ఒక్క అడుగు ముందుకు పడలేదు. మా అబ్బాయి 2013 సెప్టెంబరులో పుట్టాడు. ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్‌లో అండర్-13 జట్టుతో సాధన చేస్తున్నాడు. తీరా లీగ్‌కు పేర్లు ఇచ్చే వేళకు "మీవాడు అండర్-13కి రాడు, అండర్-15లో వేస్తాం" అన్నారు. వాళ్లు పంపిన కాగితంలో 2014 జనవరి 1న గానీ, ఆ తరువాత గానీ పుట్టినవాళ్లకే అవకాశం అని ఉంది. అమెరికాలో ఉన్న మా తోడల్లుడేమో రూలు మారిందనీ, ఆగస్టు నుంచి లెక్క వేస్తారనీ, సెప్టెంబరు పిల్లలు ఇంకో ఏడాది అండర్-13లోనే ఉంటారనీ అంటున్నాడు. వాళ్ల అబ్బాయీ మావాడూ ఒకే నెలలో పుట్టారు. వాడికి అవకాశం ఉంది, మావాడికి లేదు.

పోనీ అండర్-15లోనైనా ఆడనివ్వండి అంటే, అక్కడా పెండింగ్ అనే చూపిస్తోందట. ఎందుకని అడిగితే జవాబు లేదు. మేనేజరు ఫోను ఎత్తడం లేదు. వచ్చే నెల మొదట్లోనే లీగ్. ఫిఫా ఒక్కటే కదా, దేశానికో లెక్క ఏమిటి? ఎవరిని పట్టుకోవాలో చెప్పండి.

లైన్స్‌మన్:
అబ్బాయి పాస్‌పోర్టు ఏ దేశానిది?

పాత గోల్‌కీపర్:
నాన్నగారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఒక మాట చెప్పక తప్పదు. ఈ దేశంలో పిల్లల ఫుట్‌బాల్‌ను తినేస్తున్నది వయసు మోసం. అశోక్‌నగర్ స్టేడియంలో అండర్-14 ఆటలో మీసాలు గొరిగించుకుని వచ్చినవాళ్లకు ఎదురుగా నిలబడి గోలు కాచినవాణ్ని నేను. వయసు మోసాల మీద జాతీయ నియమావళి 2010లోనే వచ్చింది. 2025లో క్రీడల శాఖ సవరించిన ముసాయిదా బయటపెట్టింది. మొదటిసారి దొరికితే రెండేళ్ల నిషేధం, రెండోసారి జీవితకాల నిషేధం అని అందులో రాశారు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి, టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు చూస్తారు. 2009 అండర్-17 ప్రపంచ కప్ నుంచి ఫిఫా ఎమ్మారై తీయిస్తోంది. ఇంత కష్టపడి గీసిన గీతను "మా అమెరికా బంధువులు ఇలా అన్నారు" అని చెరపమంటే ఎలాగండీ? సెప్టెంబరు 2013 అంటే 2013. అంతే.

వైట్‌ఫీల్డ్ నాన్న:
గోల్‌కీపర్ గారూ, నేను గీత చెరపమనలేదు. మావాడి పుట్టిన తేదీలో దాచడానికేమీ లేదు, ఆసుపత్రి కాగితం సహా ఉంది. గీత ఒక్కో దేశంలో ఒక్కోచోట ఎందుకుందని అడిగాను. ఆ రెంటికీ సంబంధం లేదు.

డాలస్ కోచ్:
నేను ఇక్కడ పిల్లలకు శిక్షణ ఇస్తాను కాబట్టి మీ తోడల్లుడు చెప్పింది కాస్త వివరిస్తాను. ఆయన చెప్పింది నిజమే. కానీ అది అమెరికా వరకే.

ఇక్కడ పూర్వం ఆగస్టు 1 నుంచి మరుసటి ఏడాది జులై 31 వరకు పుట్టినవాళ్లు ఒక జట్టు. 2015లో ఇక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య యూఎస్ సాకర్ దాన్ని మార్చి, పుట్టిన సంవత్సరాన్ని బట్టి జనవరి 1 నుంచి డిసెంబరు 31 అని ప్రకటించింది. మిగతా ప్రపంచంతో కలిసి నడవాలన్నది కారణం. దాంతో ఏళ్ల తరబడి కలిసి ఆడిన పిల్లలు విడిపోయారు. ఆగస్టు నుంచి డిసెంబరు మధ్య పుట్టినవాళ్లయితే తమకంటే ఒక తరగతి పైన చదివే పిల్లలతో ఆడవలసి వచ్చింది. ఆ పెద్దపిల్లలు తొమ్మిదిలోకి వెళ్లి బడి జట్టుకు ఆడే కాలంలో, ఎనిమిదిలో ఉన్నవాడికి క్లబ్‌లో జట్టే మిగలదు. ఇక్కడ వాళ్లను ఇరుక్కుపోయిన పిల్లలు అంటారు. అలాంటివాళ్లు ఆ రెండు మూడు నెలలూ ఖాళీగా కూర్చోవడం నేను కళ్లారా చూశాను. కొందరు ఆ ఏడాదే ఆట మానేశారు.

2024 నవంబరులో యూఎస్ సాకర్ ఆ నిర్ణయాన్ని పిల్లల ఫుట్‌బాల్ నడిపే సంఘాలకే వదిలేసింది. యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఆయ్‌సో మూడూ 2026-27 సీజన్ నుంచి మళ్లీ ఆగస్టు 1కి వెళుతున్నాయి. ఆ లెక్కన 2013 ఆగస్టు 1 నుంచి 2014 జులై 31 వరకు పుట్టినవాళ్లు వచ్చే సీజన్‌లో అండర్-13. మీ తోడల్లుడి అబ్బాయికి కలిసి వచ్చింది అందుకే. అదే జట్టులో మార్చి 2013 పిల్లవాడు ఉంటే వాడు పైకి వెళ్లిపోతాడు. ఇప్పుడు మా దగ్గర తల్లిదండ్రులు గొడవపడుతున్నది దీని మీదే.

లైన్స్‌మన్:
భారత్‌లో జనవరి 1. ఫిఫా పోటీల్లోనూ అంతే. 2025 అండర్-17 ప్రపంచ కప్‌కు 2008 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లను తీసుకున్నారు. వయసు సంగతి అక్కడితో సరి. పెండింగ్‌కు కారణం వేరే. పాస్‌పోర్టు అడిగాను.

వైట్‌ఫీల్డ్ నాన్న:
అమెరికా పాస్‌పోర్టు. భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. ఆధార్ కూడా తీసుకున్నాం, క్లబ్ వాళ్లు ఆధార్‌తోనే రిజిస్ట్రేషన్ చేశారు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

లైన్స్‌మన్:
అక్కడ ఏదైనా క్లబ్‌కు ఆడాడా?

వైట్‌ఫీల్డ్ నాన్న:
న్యూజెర్సీలో మూడేళ్లు ఆడాడు. నా ఉద్యోగం ఇక్కడికి మారి, కిందటి జూన్‌లో వచ్చేశాం.

లైన్స్‌మన్:
ఇదీ కారణం. వయసు కాదు.

సర్జాపుర అమ్మ:
నాన్నగారూ, కంగారు పడకండి. మా అమ్మాయికి ఇదే జరిగింది కాబట్టి తెలిసినంత చెబుతాను.

ఓసీఐ పౌరసత్వం కాదు. ఆధార్ కూడా పౌరసత్వానికి రుజువు కాదు. ఇక్కడ తగినన్ని రోజులు నివాసం ఉన్న ఓసీఐ పిల్లలకూ ఆధార్ ఇస్తారు. ఫుట్‌బాల్ రిజిస్ట్రేషన్‌లో చూసేది పౌరసత్వం. అంటే మీవాడు విదేశీ మైనరు. పైగా ఇంకో దేశపు సంఘంలో పేరున్న ఆటగాడు. పదేళ్లు నిండిన పిల్లలు ఒక దేశపు సంఘం నుంచి మరో దేశపు సంఘానికి మారాలంటే అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం కావాలి. అందరూ ఐటీసీ అంటారు. అంతకు ముందు ఫిఫా అనుమతి రావాలి. పద్దెనిమిది ఏళ్లలోపు వాళ్లకు దేశాంతర బదిలీ ఉండకూడదన్నది ఫిఫా 19వ అధికరణం, దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మీకు వర్తించేది, తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారడం. ఉద్యోగం కోసం వచ్చారు కాబట్టి సరిగ్గా అదే.

ముందు చేయవలసింది ఒకటుంది. క్లబ్ వాళ్లు ఆధార్ పెట్టి జాతీయత దగ్గర భారతీయుడు అని నింపి ఉంటారు. దాన్ని ఇవాళే వెనక్కు తీసుకోమనండి. తప్పుడు వివరంతో రిజిస్ట్రేషన్ పూర్తయి వాడు మైదానంలోకి దిగితే, అనర్హుణ్ని ఆడించారని ఫిర్యాదు వస్తుంది. మ్యాచ్ 3-0తో ఎదుటి జట్టుకు పోతుంది. జట్టంతా మీవాడి వంక చూస్తుంది. పన్నెండేళ్ల పిల్లవాడికి అది వద్దు.

పాత గోల్‌కీపర్:
ఆధార్‌తో లోపలికి తోసేయడం కూడా మోసమే. నేను చెప్పింది ఇదే.

సర్జాపుర అమ్మ:
గోల్‌కీపర్ గారూ, ఆధార్ అడిగింది క్లబ్, ఇచ్చింది తండ్రి. ఎవరూ ఏదీ దాచలేదు. ఆయనను నిందించకండి.

హెచ్‌ఎస్‌ఆర్ నాన్న:
ఇంత దూరం ఎందుకండీ? మావాడు అకాడమీలో ఆడుతున్నాడు, వాడిదీ అమెరికా పాస్‌పోర్టే. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. ప్రతి నెలా ఏదో ఒక టోర్నమెంటు ఆడుతూనే ఉన్నాడు. మీ క్లబ్ మార్చేయండి.

లైన్స్‌మన్:
అకాడమీ వేరు, క్లబ్ వేరు.

హెచ్‌ఎస్‌ఆర్ నాన్న:
పేరులో తేడా తప్ప ఏముంది? రెండుచోట్లా ఫీజు కడతాం, రెండుచోట్లా కోచ్ ఉంటాడు.

లైన్స్‌మన్:
జిల్లా, రాష్ట్ర సంఘాల్లో సభ్యత్వం ఉంటే క్లబ్. అది లేకుండా టర్ఫ్ మైదానం అద్దెకు తీసుకుని నేర్పేది శిక్షణ కేంద్రం, దానికి ఏ పేరు పెట్టుకున్నా సరే. మీవాడు ఆడేవి సంఘం పోటీలు కావు. అందుకే ఎవరూ అడగలేదు.

హెచ్‌ఎస్‌ఆర్ నాన్న:
అయితే మావాడు ఆడేది ఫుట్‌బాల్ కాదంటారా?

డాలస్ కోచ్:
ఆయన అన్నది అది కాదండీ. టర్ఫ్ మీద ఐదుగురితో ఆడే ఆట పిల్లల కాళ్లకు చాలా మంచిది, బంతి ఎక్కువసార్లు దొరుకుతుంది. కానీ లీగ్ ఆడాలన్న రోజున మీకూ ఇదే కాగితం ఎదురవుతుంది. ఇప్పుడే తెలుసుకుని ఉంచుకోవడం మేలు. సభ్యత్వం ఉన్న అకాడమీలు కూడా ఉన్నాయి, మీది ఏదో అడిగి చూడండి.

వైట్‌ఫీల్డ్ నాన్న:
సర్జాపుర అమ్మగారూ, ఫిఫాకు నేనే రాయవచ్చా? చిరునామా దొరికింది. ఇంకో మాట. బడిలో చదువుకుంటూ సాయంత్రం బంతి తన్నుకునే పిల్లవాడికి ఫిఫా అనుమతి ఏమిటండీ? వాడేమైనా మెస్సీనా?

సర్జాపుర అమ్మ:
మీరు రాస్తే లాభం లేదు. క్లబ్ రాష్ట్ర సంఘానికి, వాళ్లు ఢిల్లీలోని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్)కు, అక్కడి నుంచి ఫిఫాకు వెళ్లాలి. తల్లిదండ్రుల దరఖాస్తును ఫిఫా నేరుగా తీసుకోదు.

కాగితాల సంగతి. పిల్లవాడి పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, మీ ఇద్దరి పాస్‌పోర్టులు, మీ ఉద్యోగ నియామక పత్రం, అద్దె ఒప్పందం, మీ అనుమతి పత్రం, ఇక్కడికి ఎందుకు వచ్చారో వివరించే లేఖ. బడిలో చేరిన కాగితం కూడా కలపండి, ఫుట్‌బాల్ కోసం రాలేదని అది చెబుతుంది. తేదీలు ఒకదానికొకటి సరిపోవాలి. ఉద్యోగం జూన్‌లో మొదలై అద్దె ఒప్పందం అక్టోబరుది అయితే, మధ్యలో ఎక్కడున్నారని ప్రశ్న వస్తుంది.

మన తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకోటి, పేరు. మా అమ్మాయి అమెరికా జనన పత్రంలో మావారి అసలు పేరు ఇంటిపేరు స్థానంలో పడింది. మావారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కంపెనీ పత్రంలో ఒక్క అక్షరం పొడిగా ఉంది. నా పాస్‌పోర్టులో పుట్టింటి పేరు. నాలుగు కాగితాల్లో ఏ రెంటిలోనూ చివరి పేరు కలవలేదు. ఈ ముగ్గురూ ఒక కుటుంబమేనా అని అడిగారు. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, పెళ్లి ధ్రువపత్రం కలిపి పంపాం. మీరు ఇవాళ రాత్రే ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి, పేర్లు వరసగా ఒక తెల్లకాగితం మీద రాసి చూడండి. తేడా ఎక్కడుందో ముందే తెలుస్తుంది.

పాత గోల్‌కీపర్:
మెస్సీనా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ నిబంధన వచ్చింది పిల్లల్ని సరుకులా దేశం దాటించేవాళ్ల వల్ల. ఊరుపేరు తెలియని ఏజెంటు పిల్లవాణ్ని ఐరోపాకు తీసుకెళ్లి, ట్రయల్స్‌లో పనికిరాడంటే రోడ్డు మీద వదిలేసిన సంగతులు అందరికీ తెలుసు. మైనర్ల విషయంలోనే 2014లో బార్సిలోనాను, 2016లో రియల్ మాడ్రిడ్, అట్లెటికోలను, 2019లో చెల్సీని కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధించింది. అంత పెద్ద క్లబ్‌లనే వదల్లేదు. వల పెద్దచేపల కోసం వేశారు, చిన్నవాళ్లూ అందులో పడతారు. దానికి వల తీసేయమనకూడదు.

వైట్‌ఫీల్డ్ నాన్న:
తీసేయమనడం లేదు. లోపలికి చేర్చుకునే రోజునే, ఫీజు తీసుకునే ముందే, ఈ ఒక్క ప్రశ్న అడగవచ్చు కదా? దరఖాస్తులో రక్తం గ్రూపు అడిగారు, జెర్సీ కొలత అడిగారు, పాస్‌పోర్టు అడగలేదు.

డాలస్ కోచ్:
ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడైనా అంతే. రూలు పైన మారుతుంది, ఇంటికి చేరేది మాత్రం జట్టు కట్టే ముందురోజు.

ఉలసూరు అభిమాని:
ఓసీఐ పిల్లల సంగతి వచ్చింది కాబట్టి. వీళ్లను భారత జట్టుకు ఆడనివ్వాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు రయాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025లో భారత పాస్‌పోర్టు తీసుకోవలసి వచ్చింది. ఎంతమంది అలా వదులుకోగలరు?

పాత గోల్‌కీపర్:
ఉలసూరులో ఉంటూ ఈ మాట అంటున్నారా? పీలే విగ్రహం పెట్టుకున్న గౌతమపుర మీ పక్కనే. ఆ వీధుల్లో పిల్లలకు సరైన మైదానం ఇవ్వండి ముందు. బయటి నుంచి తెచ్చుకోవడం తరువాత.

ఉలసూరు అభిమాని:
రెండూ చేయవచ్చు. ఒకటి చేస్తే రెండోది ఆగిపోదు.

లైన్స్‌మన్:
దీనికి వేరే చర్చ పెట్టుకోండి.

వైట్‌ఫీల్డ్ నాన్న:
మేనేజరు ఫోను చేశారు. ఆధార్‌తో పంపింది రద్దు చేసి, పాస్‌పోర్టుతో మళ్లీ పంపుతామన్నారు. ఈ లీగ్‌కు అందడం కష్టమట. అనుమతి వచ్చేదాకా సాధనకు రావచ్చట. పేర్లు రాసి చూశాం, మా ఆవిడ పేరు రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది. రేపు నోటరీ దగ్గరికి వెళుతున్నాం. అందరికీ ధన్యవాదాలు.

హెచ్‌ఎస్‌ఆర్ నాన్న:
మా రెండోవాడికి తొమ్మిదేళ్లు. వాడికి కూడా ఐటీసీ కావాలా?

లైన్స్‌మన్:
పదిలోపు అక్కర్లేదు. నియమాలు సరిచూసుకునే బాధ్యత ఇక్కడి సంఘానిది. పాస్‌పోర్టు మాత్రం చూపించండి.

హెచ్‌ఎస్‌ఆర్ నాన్న:
మరి పెద్దవాడు ఇక్కడికి వచ్చి నాలుగేళ్లయింది. ఐదేళ్లు నిండితే వేరే నిబంధన అని ఎక్కడో చదివాను. ఆ ఐదేళ్లు ఎప్పటి నుంచి లెక్క? మధ్యలో సెలవులకు అమెరికా వెళ్లి రెండు నెలలు ఉంటే తెగిపోతుందా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.