సెన్సర్ మాన్యువల్‌లో ‘హిస్టరిసిస్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అల్ట్రాసోనిక్ దూర సెన్సర్ (చెవికి వినిపించని ధ్వనితో దూరం కొలిచేది) మాన్యువల్‌ను తెలుగు చేస్తున్నాం. స్విచింగ్ అవుట్‌పుట్ కింద ‘హిస్టరిసిస్ 20 మి.మీ.’ అని ఉంది, అంటే అవుట్‌పుట్ ఆన్ అయ్యే దూరానికీ ఆఫ్ అయ్యే దూరానికీ మధ్య తేడా. ‘జాగు’ అంటే సరిపోతుందా? లేక హిందీవాళ్ల ‘శైథిల్య’ను తెచ్చుకుందామా?

— శైథిల్యం వద్దండి, వినగానే కూలుతున్న పాతగోడ గుర్తొస్తుంది. జాగు మూలార్థానికి దగ్గరే. వెనకబడటం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి 1880ల్లో భౌతికశాస్త్రవేత్త జేమ్స్ ఆల్ఫ్రెడ్ యూయింగ్ అయస్కాంతాల కోసం ఈ పేరు పెట్టాడు. కానీ సెన్సర్ సెట్టింగులో జాగు తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడి కొలత మిల్లీమీటర్లలో, మిల్లీసెకన్లలో కాదు. చాలా సెన్సర్ల మెనూలో ఆన్ డిలే, ఆఫ్ డిలే (ఆన్, ఆఫ్ కావడాన్ని ఆలస్యం చేసే సమయాలు) విడిగా ఉంటాయి. జాగును వాటికి అట్టిపెట్టండి.

నా ఓటు ‘పట్టు–విడుపుల ఎడం’కి. గ్రహణానికి పట్టు, విడుపు అంటాం కదా, రిలే (సెన్సర్ సంకేతంతో ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) చేసేదీ అదే. పట్టు దూరం 300, ఎడం 20 అనుకోండి. వస్తువు దగ్గరికొస్తూ 300 మి.మీ. చేరగానే అవుట్‌పుట్ ఆన్ అవుతుంది. వెనక్కి పోతూ 320 చేరితేనే ఆఫ్. మధ్యలో ఉన్నంతసేపు అంతకుముందు ఏ స్థితి ఉంటే అదే.

— చిన్న డిస్‌ప్లేలో ‘ఎడం 20’ అని కనిపిస్తే ఎడమవైపు అనుకోరా? ఇక ‘పట్టువిడుపు’ అని కలిపి రాస్తే సెన్సర్ రాజీకొస్తుందనుకుంటారు!

— నిజమే. అయితే డిస్‌ప్లే మీద ‘పట్టు 300, విడుపు 320’ అని రెండంకెలే చూపండి. ఎడం అనే మాట వివరణలో ఉంటే చాలు. కొన్ని సెన్సర్లలో ఎటూ విడుపు దూరాన్నే నేరుగా ఇవ్వాలి. అక్కడ 20 కొడితే అర్థమే మారిపోతుంది.

ఎంత పెట్టాలో కూడా మాన్యువల్‌లో చెప్పండి. వస్తువును పట్టు దూరం దగ్గర కదలకుండా ఉంచి, యంత్రం నడుస్తుండగా రీడింగ్‌ను కొన్ని నిమిషాలు గమనించాలి. 296–304 మధ్య ఊగుతుంటే ఊగు 8. ఎడం కనీసం దానికి రెట్టింపు, అంటే 16 ఉంటే నిశ్చింత. 5 పెడితే రిలే టపటపా కొట్టుకుని కాంటాక్టులు కాలిపోతాయి. అలాగని పెంచుకుంటూ పోయినా చిక్కే. వెనక 390 దగ్గర గోడ ఉందనుకోండి, ఎడం 100 పెడితే విడుపు 400 అవుతుంది. వస్తువు తీసేశాక సెన్సర్‌కు కనిపించేది 390లోని గోడే కనుక, ఒకసారి పట్టాక ఇక వదలదు.

— మధ్యాహ్నం వేడికి స్విచింగ్ దూరం మారితే ఎడం పెంచితే సరిపోతుందా?

— సరిపోదు. గాలి వేడెక్కితే ధ్వని వేగం డిగ్రీకి దాదాపు 0.17 శాతం పెరుగుతుంది. ఉష్ణోగ్రత సవరణ లేని సెన్సర్‌లో 10 డిగ్రీల తేడాకు 300 మి.మీ. మీద సుమారు 5 మి.మీ. జరుగుతుంది. పట్టు, విడుపు రెండూ ఒకే వైపు జరుగుతాయి కనుక ఎడం పెంచి లాభం లేదు. సవరణ ఉన్న సెన్సరే కావాలి. వేడికి దూరం ఇలా జరగడాన్ని ‘జరుగుడు’ అనండి. ‘జరుగుబాటు’ మాత్రం వద్దు, అది బతుకుతెరువు మాట.