ఒకే మార్కులు, వేర్వేరు ఆకారాలు: తెలుగు వెబ్‌పేజీలో రాడార్ చార్ట్‌ను సరిగ్గా గీయడం ఎలా?

ప్రశ్న (తార్నాక నడక బృందం)

నమస్కారం. హైదరాబాద్ మెట్రో మూడు కారిడార్లలోని కొన్ని స్టేషన్ల చుట్టుపక్కల పాదచారులకున్న వసతులను పోల్చి చూపే తెలుగు వెబ్‌పేజీని మా స్వచ్ఛంద బృందం తయారు చేస్తోంది. కాలిబాట, చెట్ల నీడ, వీధి దీపాలు, రోడ్డు దాటే వీలు, సిటీ బస్సుల అందుబాటు, వీల్‌చైర్ దారి అనే ఆరు అంశాలకు మా కార్యకర్తలు 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. వీటిని చార్ట్.జేఎస్ (వెబ్‌పేజీలో చార్టులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) సాయంతో రాడార్ చార్ట్‌గా, అంటే కేంద్రం నుంచి అంశానికొక అక్షం గీసి వాటి మీది బిందువులను గీతతో కలిపే బొమ్మగా, గీస్తున్నాము.

మూడు విషయాలలో మీ సలహా కావాలి. ఒక్కొక్క స్టేషన్‌కు విడిగా చార్ట్ గీసినప్పుడు మధ్య బిందువు దగ్గర ఒక చోట 3, మరో చోట 5 వస్తున్నందువల్ల పోలిక కుదరడం లేదు. అన్ని స్టేషన్లనూ ఒకే చార్ట్‌లో పెడితే రంగులు ఒకదానిపై ఒకటి పడి ఏ గీత ఏ స్టేషన్‌దో తెలియడం లేదు. తెలుగు లేబుళ్లు మేము ఎంచుకున్న ఫాంటులో కాక వేరే ఫాంటులో వస్తున్నాయి, పొడవైనవి రెండు వైపులా తెగిపోతున్నాయి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది మరొకటి ఉంది. మార్కులు మార్చకుండా అంశాల వరుసను మాత్రమే మార్చినా ఆకారం పూర్తిగా మారిపోతోంది. ఏ వరుసను సరైనదిగా భావించాలి?

జవాబు 1 (మాదాపూర్ డేటా)

నమస్కారమండి. మీ చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది కాబట్టి, కొలత సంగతి త్వరగా ముగించి అక్కడికి వస్తాను.

రాడార్ స్కేల్ సున్నా నుంచే మొదలవ్వాలన్న నియమం చార్ట్.జేఎస్‌లో డిఫాల్ట్‌గా లేదు. అది మీరిచ్చిన విలువలను బట్టి కనిష్ఠాన్ని తానే ఎంచుకుంటుంది. ఆప్షన్లలో 'స్కేల్స్' కింద 'ఆర్' అనే పేరుతో ఉన్న స్కేల్‌కు మిన్ 0, మ్యాక్స్ 10, టిక్స్‌లో (అక్షం మీది అంకెల అమరికలో) స్టెప్‌సైజ్ 2 అని ఇవ్వండి. 2021లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ఈ అమరిక వాడుకలో ఉంది. పాత పాఠాలలో కనిపించే ఏకవచనపు 'స్కేల్' ఆప్షన్‌ను కొత్త వెర్షన్ పట్టించుకోదు కనుక, రాసినది సరిగానే ఉన్నట్లు కనిపించినా ఫలితం ఉండదు. అంకెల వెనుక వచ్చే తెల్లటి పట్టీ వద్దనుకుంటే టిక్స్‌లోనే 'షోలేబుల్‌బ్యాక్‌డ్రాప్'ను ఆపివేయవచ్చు.

ఇక వరుస విషయం. చూసేవారి కన్ను ఒక్కొక్క అక్షం మీది బిందువును చదవదు, లోపలి బహుభుజి వైశాల్యాన్ని చదువుతుంది. ఆ వైశాల్యం ప్రతి విలువను దాని పక్కనున్న విలువతో గుణించి, ఆ లబ్ధాలన్నిటినీ కూడగా వచ్చిన మొత్తంపై ఆధారపడుతుంది. ఒక స్టేషన్‌కు మూడు అంశాలలో 10, మూడింటిలో 2 మార్కులు వచ్చాయనుకుందాం. పదులన్నీ ఒకవైపు, రెండ్లన్నీ మరోవైపు ఉంటే పక్క పక్క లబ్ధాల మొత్తం 248 అవుతుంది. పది, రెండు, పది, రెండు అని ఒకటి విడిచి ఒకటి పెడితే అది 120 మాత్రమే. మార్కులు ఒక్కటీ మారలేదు, కానీ మొదటి బొమ్మ రెండో దానికంటే రెట్టింపుకు పైగా వైశాల్యంతో కనిపిస్తుంది. మొదటిది విసనకర్రలా, రెండోది మూడు కొమ్ముల నక్షత్రంలా ఉంటుంది కాబట్టి ఇవి రెండూ సమానమైన స్టేషన్లని ఏ పాఠకుడూ అనుకోడు. దీనికి తోడు, అన్నింటిలో 4 వచ్చిన స్టేషన్ పక్కన అన్నింటిలో 8 వచ్చిన స్టేషన్‌ను పెడితే, మార్కులు రెట్టింపే అయినా వైశాల్యం నాలుగు రెట్లవుతుంది.

అందువల్ల సరైన వరుస అనేది గణితంలో దొరకదు, అంశాల అర్థంలోంచే దాన్ని తీసుకోవాలి. కాలిబాట, రోడ్డు దాటే వీలు, వీల్‌చైర్ దారి ఒకదానికొకటి సంబంధించినవి కనుక వాటిని పక్కపక్కన పెట్టండి. నీడను, దీపాలను ఒక జతగా ఉంచండి. ఈ నిర్ణయం మార్కులు చేతికి రాకముందే తీసుకొని, అన్ని స్టేషన్లకూ అదే వరుస పాటించి, పేజీలో ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పండి. మార్కులు చూశాక వరుసను ఎంచుకోవడం, ఉద్దేశం మంచిదైనా, పాఠకుడికి అన్యాయమే అవుతుందని నా దృఢమైన అభిప్రాయం.

అలంకరణ కూడా ఈ లోపాన్ని పెంచకుండా ఉండాలి. లోపలి రంగు ఆల్ఫా విలువను (0 అంటే పూర్తి పారదర్శకం, 1 అంటే పూర్తి రంగు) 0.1 దగ్గర ఉంచి, గీతను 2 పిక్సెళ్ల మందంతో, బిందువులను స్పష్టంగా చూపండి. అప్పుడు చూపు వైశాల్యం మీదినుంచి విలువల మీదికి కొంతైనా మళ్లుతుంది. గీతలను వంపు తిప్పే టెన్షన్ జోలికి వెళ్లకండి, ఎందుకంటే రెండు అక్షాల మధ్య ఉబికే ఆ వంపుకు మీ డేటాలో ఏ ఆధారమూ ఉండదు.

స్టేషన్లన్నిటినీ ఒకే చార్ట్‌లో పేర్చడం మానుకోండి. ఒక్కొక్క స్టేషన్‌కు ఒక చిన్న చార్ట్ గీసి, వెనుక అన్ని స్టేషన్ల సగటును బూడిద రంగు చుక్కల గీతగా చూపితే చాలు. చుక్కల గీతకు 'బోర్డర్‌డ్యాష్', ఏది పైన పడాలో చెప్పడానికి 'ఆర్డర్' ఉపయోగపడతాయి. రెండు స్టేషన్లను ఒకేచోట చూపక తప్పకపోతే, జపాన్ శాస్త్రవేత్తలు ఒకాబే, ఇటో సూచించిన రంగులలోంచి నీలం 0, 114, 178, నారింజ ఛాయ ఎరుపు 213, 94, 0 తీసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి కూడా ఈ రెండూ వేరుగా కనిపిస్తాయి.

జవాబు 2 (నారాయణగూడ అక్షరం)

ఫాంటు సమస్య గురించి నేను చెబుతాను. చార్ట్.జేఎస్ కాన్వాస్ మీద, అంటే పేజీలో బొమ్మలు గీయడానికి కేటాయించిన చోట, గీస్తుంది. కాన్వాస్ మీద పడిన అక్షరం ఆ క్షణానికి ఒక బొమ్మ మాత్రమే. వెబ్‌ఫాంటు (ఇంటర్నెట్ నుంచి దిగే ఫాంటు) ఆలస్యంగా వచ్చి చేరితే మామూలు పేజీలోని అక్షరాలను బ్రౌజర్ మళ్లీ గీస్తుంది గానీ కాన్వాస్‌ను ముట్టుకోదు. కనుక ఫాంటు చేరాకే చార్ట్‌ను సృష్టించాలి.

దీనికి 'డాక్యుమెంట్.ఫాంట్స్.లోడ్' ఉంది. అయితే తెలుగువారు తప్పక గమనించవలసిన మెలిక ఇక్కడే ఉంది. గూగుల్ ఫాంట్స్ నుంచి వచ్చే నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్లు లిపిని బట్టి ముక్కలుగా వస్తాయి. లోడ్‌కు ఫాంటు పరిమాణం, పేరు మాత్రమే ఇస్తే అది ఖాళీ స్థలాన్ని నమూనాగా తీసుకుంటుంది, ఆ అక్షరం ఉన్న ముక్కనే తెస్తుంది. రెండో ఆర్గ్యుమెంట్‌గా మీ తెలుగు లేబుళ్లలో ఒకదాన్ని ఇస్తే తెలుగు ముక్క తప్పకుండా వస్తుంది.

లేబుళ్ల పరిమాణం డిఫాల్ట్‌గా 10 పిక్సెళ్లు. వత్తులు, గుడులు ఉన్న మన లిపికి అది ఏ మాత్రం చాలదు. 'పాయింట్‌లేబుల్స్'లో ఫాంటు పరిమాణం 14, లైన్‌హైట్ 1.5 ఇచ్చి చూడండి. పొడవైన లేబుల్‌ను రెండు వరుసలు చేయాలంటే అక్కడి కాల్‌బ్యాక్ (లేబుల్‌ను సిద్ధం చేసే ఫంక్షన్) నుంచి ఒకే స్ట్రింగ్‌కు బదులు అర్రే (వరుసకొక స్ట్రింగ్ ఉన్న జాబితా) పంపితే సరిపోతుంది. కానీ 'ఇన్ని అక్షరాల తరువాత విరువు' అనే కోడ్ మాత్రం రాయకండి. 'స్టేషన్' అనే మాట మన కంటికి మూడు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెక్కలో దాని పొడవు 7. అలా విరిస్తే ఒక వరుస చివర పొల్లు, మరో వరుస మొదట వేలాడే గుణింతపు గుర్తు మిగులుతాయి. పదాల మధ్య ఖాళీ దగ్గరే విడగొట్టండి.

ఓపిక ఉంటే కాన్వాస్‌కు బదులు ఎస్వీజీలో (గీతలను, అక్షరాలను కోడ్‌గా రాసే చిత్ర రూపంలో) చేతితో గీయడం కూడా కష్టమేమీ కాదు. పైనున్న అక్షాన్ని సున్నా డిగ్రీలుగా తీసుకొని, ఆరు అంశాలకు 60 డిగ్రీల చొప్పున సవ్యదిశలో తిరగండి. కేంద్రం నుంచి అడ్డంగా వ్యాసార్థం ఇంటూ సైన్, నిలువుగా పైకి వ్యాసార్థం ఇంటూ కొసైన్ దూరంలో బిందువు వస్తుంది. డీ3 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలోని 'లైన్‌రేడియల్' కూడా ఇదే పద్ధతిని పాటిస్తుంది. 'టెక్స్ట్ యాంకర్'ను కుడివైపు లేబుళ్లకు స్టార్ట్, ఎడమవైపు వాటికి ఎండ్, పైనా కిందా మిడిల్ అని ఇచ్చి, వ్యూబాక్స్‌లో (బొమ్మ హద్దులలో) రెండు పక్కలా తగినంత చోటు వదిలితే లేబుళ్లు తెగవు. ఎస్వీజీ అక్షరాలు నిజమైన అక్షరాలే కనుక ఫాంటు కోసం వేచి చూడవలసిన అవసరం కూడా ఉండదు.

జవాబు 3 (ఉప్పల్ గణాంకం)

పై ఇద్దరి సలహాలూ ఉపయోగకరమైనవే అయినా, అసలు రాడార్ చార్ట్ ఎందుకని అడగాలనిపిస్తోంది. జర్మన్ గణాంకవేత్త గియోర్గ్ ఫాన్ మయర్ 1877లోనే ఇటువంటి చిత్రాలను ప్రచురించాడు, కాబట్టి ఇది పాత పద్ధతే. నెలల వంటి చక్రీయ డేటాకు అది చక్కగా అమరుతుంది. హైదరాబాద్ వర్షపాతాన్ని నెలలవారీగా గీస్తే జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఒకవైపు ఉబ్బెత్తుగా వచ్చే ఆకారం నిజాన్నే చెబుతుంది, ఎందుకంటే డిసెంబరు పక్కన జనవరి రావడం మనం పెట్టిన వరుస కాదు. చెట్ల నీడ పక్కన బస్సులు రావలసిన కారణం అటువంటిది కాదు. అంశానికొక అడ్డుగీత గీసి, ప్రతి స్టేషన్‌ను దాని మీద ఒక చుక్కగా చూపితే మీ పాఠకులు ఫోనులో కూడా సులువుగా పోల్చుకోగలరు.

ప్రశ్నించినవారి స్పందన (తార్నాక నడక బృందం)

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఒక్కొక్క స్టేషన్ పేజీలో సగటు గీతతో చిన్న రాడార్ చార్ట్, స్టేషన్లను పోల్చే పేజీలో ఉప్పల్ గణాంకం గారు చెప్పిన చుక్కల చార్ట్ పెట్టాలని నిర్ణయించుకున్నాము. ఒక సందేహం మిగిలింది. ఒక స్టేషన్‌లో వీల్‌చైర్ దారిని మేము ఇంకా పరిశీలించలేదు. ఆ అక్షం మీద సున్నా పెట్టవచ్చా?

జవాబు 4 (మాదాపూర్ డేటా)

వద్దండి. సున్నా అంటే 'వెళ్లి చూశాము, దారి లేదు' అని అర్థం. మీరు చూడని దానికి ఆ మాట అంటగట్టినట్లవుతుంది. ఆ విలువను 'నల్'గా (విలువ లేదని చెప్పే గుర్తుగా) ఉంచి, ఖాళీలను గీతతో కలిపే 'స్పాన్‌గ్యాప్స్' ఆప్షన్‌ను ఫాల్స్‌గానే వదిలేస్తే గీత అక్కడ తెగి కనిపిస్తుంది. ఆ స్టేషన్‌కు మాత్రం లోపలి రంగును తీసివేయండి, లేకపోతే ఖాళీ చోటు కూడా విలువలా కనిపించే ప్రమాదముంది. లేబుల్ రెండో వరుసలో 'ఇంకా పరిశీలించలేదు' అని రాయండి. వీల్‌చైర్ దారి గురించి రాస్తున్నారు కనుక మరొకటి కూడా చెప్పాలి. చూపులేనివారికి పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు కాన్వాస్ లోపలి బొమ్మ అందదు. కాన్వాస్‌కు ఇమేజ్ రోల్‌ను, తెలుగులో ఒక 'అరియా-లేబుల్'ను (aria-label, స్క్రీన్ రీడర్ చదివే వివరణ) ఇచ్చి, అవే మార్కులను చార్ట్ కింద మామూలు పట్టికగా కూడా ఉంచండి.